వేసవి శిబిరం.. బడికి వారధి

సికింద్రాబాద్: ఏప్రిల్ చివరి వారంలో ప్రభుత్వ పాఠశాలలకు తాళం పడుతుంది. మళ్లీ గంట మోగేది జూన్ రెండో వారంలోనే. కలిగినవారి పిల్లలకు ఈ ఏడు వారాలు ఆటవిడుపు. రెక్కాడితేగానీ డొక్కాడని ఇళ్లలో పరిస్థితి వేరు. పెద్దలు పనికి వెళితే పిల్లలకు తోడుండదు. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనమూ ఆగిపోతుంది. కాస్త ఎదిగిన ఆడపిల్ల తమ్ముణ్ని ఎత్తుకుని ఇంటి దగ్గర ఉండిపోతుంది. మగపిల్లవాడు హోటల్లో కప్పులు కడగడానికి చేరతాడు. చేతికి నాలుగు రూపాయలు అందాక జూన్‌లో బడి ముఖం చూడనివారూ ఉంటారు. పేద పిల్లలకు ఉచిత వేసవి శిబిరాల అవసరం ఇక్కడే ఉంది.

ముందు శిబిరం.. తర్వాత బడి

సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసే ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ అనుభవం ఈ విషయంలో చెప్పుకోదగినది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఈ సంస్థ, 1991లో రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో బాలకార్మికులను బడికి పంపే కృషి చేపట్టింది. పశువులు కాసిన పదేళ్ల బాలుడు ఒకటో తరగతిలో పసివాళ్ల మధ్య ఇమడలేడు. అయిదో తరగతిలో కూర్చోబెడితే పాఠం అందదు. అందుకే అక్కడే ఉండి చదువుకునే శిబిరాల్లో చేర్చి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేశారు. ఇవే బ్రిడ్జి కోర్సులుగా పేరొందాయి. సంస్థకు సారథ్యం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఆటలకు రెండు గంటలు

నగరపాలక సంస్థ వేసవిలో క్రీడా శిక్షణ శిబిరాలు నిర్వహిస్తూ వచ్చింది. 2023లో ఏప్రిల్ 25 నుంచి మే 31 వరకు 6-16 ఏళ్ల పిల్లలకు నామమాత్రపు రుసుముతో శిక్షణ ఇచ్చారు. మేలైన పనే. అయితే ఉదయం రెండు గంటల ఆటతో కూలికి వెళ్లిన తల్లి బెంగ తీరదు. పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌కు పంపాలన్నా రోజూ తీసుకువెళ్లేవారు ఉండాలి.

పేద పిల్లల శిబిరం బస్తీకి నడక దూరంలో, తల్లిదండ్రుల పనివేళలకు అనుగుణంగా సాగాలి. నీడ, తాగునీరు, మరుగుదొడ్లు, మధ్యాహ్నం భోజనం తప్పనిసరి. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ బడి భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. చంటిపిల్లలకూ చోటిస్తేనే అక్కలు శిబిరానికి రాగలరు. చివరిరోజున హాజరుపట్టీని సమీప పాఠశాల ప్రధానోపాధ్యాయునికి అందజేస్తే, జూన్‌లో ఎవరు రాలేదో వెంటనే తెలుస్తుంది.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మధ్యలో బడి మానిన పిల్లలను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగేళ్లు దాటినా ప్రాథమిక విద్య పూర్తయ్యేవరకు ఉచితంగా చదువుకోవచ్చు. జనన ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదు.