టిక్కుమని ఆగిపోవు ట్రాక్టరు – లోపమును కనిపెట్టి సరిచేయుట

తొలకరి వాన పడి నేల పదునైన ఉదయమున ట్రాక్టరు తాళము త్రిప్పగా, ఇంజను తిరుగక టిక్కుమను చప్పుడు మాత్రమే వినవచ్చిన రైతునకు దిక్కుతోచదు. ఎర్ర చెల్క నేలలలో పదును త్వరగా ఆరిపోవును. మెకానిక్కు వచ్చువరకు వేచియున్న అదను తప్పును; తొందరపడి మోటు పద్ధతులకు దిగిన ప్రాణమునకే ముప్పు. ఆ చప్పుడును అర్థము చేసికొన్నచో లోపము ఎచ్చటనున్నదో చాలవరకు రైతే తెలిసికొనవచ్చును. జీపులకు, కార్లకు కూడ ఈ పద్ధతియే వర్తించును.

చప్పుడు ఎచ్చటినుండి వచ్చును?

తాళము త్రిప్పగానే బ్యాటరీనుండి కొద్దిపాటి విద్యుత్తు సెల్ఫ్ మోటారుపై నుండు సాలినాయిడ్ అను భాగమునకు పోవును. అందలి ఇనుపకడ్డీ లోనికి లాగబడి, మోటారు పళ్ళచక్రమును ఇంజను ఫ్లైవీలు పళ్ళకు తగిలించును; రెండు రాగి మొనలను కూడ కలుపును. అప్పుడు వందలకొలది ఆంపియర్ల విద్యుత్తు మోటారునకు పారి ఇంజనును త్రిప్పును. టిక్కుమను చప్పుడు ఈ కడ్డీ కదలుటవలన కలుగునదే. అనగా చిన్న విద్యుత్తు అందుచున్నది గాని, పెద్ద విద్యుత్తు మోటారునకు చాలినంతగా అందుటలేదు. లేదా అందినను మోటారు తిరుగుటలేదు.

చప్పుడును బట్టి లోపము

1. టిక్ టిక్ మని వడివడిగా మ్రోగినచో: బ్యాటరీ నీరసించినది, లేక తీగల అతుకులు వదులైనవి. మొనలు కలిసి మోటారు విద్యుత్తును లాగగానే వోల్టేజి పడిపోవును; కడ్డీ వెనుకకు వచ్చును; వోల్టేజి తేరుకొనగానే మరల లాగబడును.

2. ఒక్కసారి గట్టిగా టక్కుమని ఆగినచో: హెడ్ లైట్లు వేసి, మరల తాళము త్రిప్పి చూడవలెను. లైట్లు కాంతి తగ్గక వెలుగుచున్న, సాలినాయిడ్ మొనలు కాలియుండవచ్చును. లేదా మోటారు బొగ్గులు అరిగియుండవచ్చును. లైట్లు బాగుగా మందగించినచో బ్యాటరీనో, అతుకులనో అనుమానించవలెను. అవి సరిగానున్నను లైట్లు మందగించిన, మోటారుగాని ఇంజనుగాని బిగిసినదని ఎంచి మెకానిక్కును పిలువవలెను.

3. చప్పుడే లేనిచో: గేరు న్యూట్రల్‌లో నున్నదా, క్లచ్చి పూర్తిగా త్రొక్కితిమా అని ముందు చూడవలెను. అనేక ట్రాక్టర్లలో ఇందుకై రక్షణ స్విచ్చి గలదు. తరువాత ఫ్యూజును పరీక్షించవలెను.

పరీక్షించు క్రమము

ఖర్చులేని పనితో ఆరంభింపవలెను. బ్యాటరీ టెర్మినళ్ళను చేతితో కదపి చూడుడు. వదులైనను, తెల్లని లేక పచ్చని చిలుము పట్టినను విద్యుత్తునకు అడ్డు కలుగును. ముందుగా ఎర్త్ తీగను, పిమ్మట రెండవ తీగను ఊడదీయవలెను. వంటసోడా కలిపిన వేడినీటితో చిలుమును కడిగి, లోహము మెరయువరకు రుద్ది, బిగించి, పైన వ్యాసలీను పూయవలెను. తిరిగి బిగించునప్పుడు ఎర్త్ తీగ చివరిది. ఆ తీగ రెండవ కొన బండి చట్రమునకు తగులుచోట త్రుప్పు పట్టుట సామాన్యము, దానిని మరువరాదు.

తరువాత, కొన్ని గంటలు కదపక ఉంచిన బ్యాటరీని వోల్టుమీటరుతో చూడవలెను. 12 వోల్టుల బ్యాటరీలో 12.6 వోల్టులున్న నిండు చార్జి, 12.2 ఉన్న సుమారు సగము. 12కు తగ్గిన దాదాపు ఖాళీ. నిండుగా చార్జి చేసినను సెల్ఫ్ కొట్టునప్పుడు 9.6 వోల్టులకంటె క్రిందికి పడిపోయినచో బ్యాటరీ చెడినదని ఎంచవచ్చును. ఇంజను నడుచుచుండగా 13.8 నుండి 14.5 వోల్టుల వరకు చూపవలెను. అట్లు పెరగనిచో ఆల్టర్నేటరునో, దాని బెల్టునో పరీక్షింపవలెను. లేనిచో క్రొత్త బ్యాటరీ వేసినను కొలదికాలముననే ఖాళీ యగును.

వేరు బ్యాటరీతో నడుపుట

రెండును 12 వోల్టులవై, ఎర్త్ తీగ రెండింటికిని నెగటివ్‌కే ఉండవలెను. మందమైన తీగతో ముందు ఖాళీ బ్యాటరీ పాజిటివ్‌ను మంచి బ్యాటరీ పాజిటివ్‌కు కలుపవలెను. రెండవ తీగను మంచి బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, దాని రెండవ కొనను ఖాళీ బ్యాటరీకి గాక, దానికి దూరముగా ఇంజను ఇనుముపై కలుపవలెను. ఏలయన బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను వాయువు చిన్న నిప్పురవ్వకే ప్రేలును. ఆ చెంత బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. ఆమ్లము కంటబడిన వెంటనే ధారాళముగా నీటితో కడిగి వైద్యుని చూపవలెను. సెల్ఫ్‌ను ఒకసారి 10 సెకండ్లకు మించి కొట్టక, నడుమ ఒకటి రెండు నిమిషములు విరామమీయవలెను.

ఎన్నడును చేయరాని పని

కొందరు నేలపై నిలుచుండి స్క్రూడ్రైవరుతో సాలినాయిడ్ మొనలు కలిపి ఇంజను నడుపుదురు. ఇట్లు చేసిన రక్షణ స్విచ్చి పనిచేయదు. బండి గేరులో నున్నచో ఇంజను అందుకొనగానే ముందుకురికి, చక్రముల నడుమ నిలిచినవానిని త్రొక్కివేయును. తప్పుకొను వ్యవధి ఉండదు. డ్రైవరు ఎంత అనుభవజ్ఞుడైనను, సీటుపై కూర్చుండి తాళముతోనే నడుపవలెను.

ముందుజాగ్రత్త

వేసవిలో ట్రాక్టరు పని లేక నిలిచియున్నను బ్యాటరీ తనంత తానే తరుగుచుండును. అట్లు ఖాళీగా వదలిన పలకలు గట్టిపడి తిరిగి చార్జిని గ్రహింపవు. కావున నెలకొకసారి చార్జి చేయించి, మూతలు తీయుటకు వీలున్న బ్యాటరీలలో పలకలు మునుగునట్లు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. నలుగురు రైతులు కలిసి ఒక వోల్టుమీటరును, ఒక జత మందపు తీగలను ఊరిలో ఉంచుకొనుట మేలు. గ్రామోద్యోగులు ఇందుకు పూనుకొని, తొలకరికి ముందే ఒకనాడు ఊరి ట్రాక్టర్లన్నిటిని పరీక్షించునట్లు చేసిన, పదునునాడు ఏ చేనును బీడుపడకుండును.