అమ్మకు కీమో నడుస్తోంది... గుండె కోసం స్మార్ట్‌వాచ్ కొనాలా?

"అన్నా, అమ్మకి కీమో స్టార్ట్ చేస్తున్నారు. గుండె జాగ్రత్త అన్నారు డాక్టర్. ఏ వాచ్ తీసుకోమంటావ్?" ఇలాంటి మెసేజ్‌లు నాకు తరచూ వస్తుంటాయి. బ్యాటరీ, డిస్‌ప్లే గొడవైతే రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. ఇది అలా తేలే విషయం కాదు. అందుకే ఈసారి స్పెసిఫికేషన్లు పక్కనపెట్టి, డాక్టర్లు ఈ రిస్క్‌ని ఎలా లెక్కేస్తారో, అందులో వాచ్ పాత్ర ఎంతో చూద్దాం.

డాక్టర్లు చూసేది ఏంటి?

డాక్సోరుబిసిన్ లాంటి కీమో మందులు గుండె కండరాన్ని దెబ్బతీయొచ్చు. మొత్తం డోసు పెరిగేకొద్దీ రిస్క్ కూడా పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్‌కి వాడే ట్రాస్టుజుమాబ్‌తోనూ కొందరిలో గుండె పంపింగ్ తగ్గుతుంది.

మామూలు రిస్క్ స్కోర్లు ఇక్కడ సరిపోవు. 1948లో అమెరికాలో మొదలైన ఫ్రేమింగ్‌హామ్ స్టడీ నుంచి వచ్చిన స్కోరు వయసు, బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, సిగరెట్ లాంటివి చూస్తుంది. కీమో సంగతి అడగదు. అందుకే యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2022లో క్యాన్సర్ పేషెంట్ల కోసం ప్రత్యేక గైడ్‌లైన్స్ ఇచ్చింది. చికిత్సకి ముందే పేషెంట్ రిస్క్ తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా, చాలా ఎక్కువా అని తేల్చాలి. పాత గుండె జబ్బు, బీపీ, షుగర్, గతంలో తీసుకున్న కీమో, ఛాతీకి ఇచ్చిన రేడియేషన్... అన్నీ లెక్కలోకి వస్తాయి. వీటికి తోడు ఈసీజీ, అవసరాన్ని బట్టి ఎకో, ట్రోపోనిన్ లాంటి రక్తపరీక్షలు. ఎకోలో పంపింగ్ శాతం 10 పాయింట్లు పడిపోయి 50 కంటే కిందికి వస్తే డాక్టర్లు సీరియస్‌గా తీసుకుంటారు.

మరి వాచ్?

వాచ్ వెనకున్న పచ్చ లైటు చూసేది నాడిని. గుండె కండరాన్ని కాదు. పంపింగ్ తగ్గడం మొదలైనా నాడి మామూలుగానే ఉండొచ్చు. పైగా కీమోలో రక్తహీనత, జ్వరం, నీరసం వల్ల కూడా హార్ట్ రేట్ పెరుగుతుంది. గ్రాఫ్ పైకి వెళ్లిందని గుండె పాడైనట్టు కాదు, ఫ్లాట్‌గా ఉందని బాగున్నట్టూ కాదు.

ఈసీజీ ఫీచర్ సంగతి? ఆపిల్ వాచ్ సిరీస్ 4తో 2018లో వచ్చిన ఈ ఫీచర్ 30 సెకన్ల పాటు ఒకే లీడ్‌తో రికార్డ్ చేస్తుంది. ఆసుపత్రిలో తీసేది 12 లీడ్‌ల ఈసీజీ. హార్ట్ ఎటాక్‌ని తమ వాచ్ గుర్తించలేదని ఆపిలే చెబుతుంది.

అలాగని వాచ్ దండగేం కాదు. దాదాపు 4.19 లక్షల మందితో చేసిన ఆపిల్ హార్ట్ స్టడీ 2019లో వచ్చింది. నాడి లయ తప్పిందని అలర్ట్ వచ్చింది 0.52 శాతం మందికే. అలర్ట్ తర్వాత ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపినవాళ్లలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనిపించింది. అంటే లయ తప్పడం పట్టుకోవడంలో వాచ్‌కి పని ఉంది. పంపింగ్ కొలవడంలో లేదు.

నేనైతే ఏం కొంటాను?

ముందు చేతికి కట్టే మంచి బీపీ మెషిన్, అదీ మణికట్టుకి కాదు, భుజానికి కట్టేది. తర్వాత బరువు చూసే మెషిన్. రెండు మూడు రోజుల్లోనే బరువు గబగబా పెరిగినా, కాళ్లు వాచినా ఒంట్లో నీరు చేరుతోందేమో అని డాక్టర్‌కి ఫోన్ చేయాలి. రెండూ కలిపినా ఈసీజీ వాచ్ ధర కాదు. డబ్బు మిగిలితే వాచ్. గుండె దడగా అనిపించినప్పుడు ఈసీజీ తీసి, ఆ పీడీఎఫ్ డాక్టర్‌కి చూపించండి.

రెండు హెచ్చరికలు. ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే వాచ్ ఏమంటుందో చూస్తూ కూర్చోవద్దు, 108కి కాల్ చేయండి. వాచ్ అలర్ట్ చూసి మందులు మీరే ఆపేయొద్దు.

అన్నిటికంటే ముందు, పైసా ఖర్చు లేని పని ఒకటుంది. రేపు డాక్టర్ దగ్గరకి వెళ్లినప్పుడు అడగండి: "అమ్మ గుండె రిస్క్ ఏ స్థాయిలో ఉంది? ఎకో అవసరమా? మళ్లీ ఎప్పుడు తీయాలి?"