24 బైట్ల నాంపల్లి

నాంపల్లి. కంటికి మూడే అక్షరాలు. కంప్యూటరుకు ఎనిమిది సంకేతాలు: న, దీర్ఘం, సున్న, ప, ల, పొల్లు, మళ్లీ ల, గుడి. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తింటుంది. వెరసి 24. అబిడ్స్‌కు 21. అదే నాంపల్లిని ఇంగ్లిషులో రాస్తే ఎనిమిది బైట్లు చాలు. ఇంగ్లిషు డేటాతో ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచిన డేటాబేస్ డ్రైవర్ తెలుగు పేరు తగలగానే తడబడేది ఇక్కడే.

డేటాబేస్ సర్వర్ ఒకచోట, మన ప్రోగ్రాం ఇంకోచోట ఉంటాయి. ప్రశ్నను అటు, జవాబును ఇటు చేరవేసే లైబ్రరీయే డ్రైవర్. కనెక్షన్ కుదిరేటప్పుడే ‘నేను ఫలానా లిపి సంకేతాల్లో మాట్లాడతాను’ అని అది సర్వర్‌కు చెప్పాలి. చెప్పకపోతే సర్వర్ తన అలవాటు ప్రకారం పోతుంది. మై ఎస్‌క్యూఎల్‌కు 2018లో 8.0 వెర్షన్ వచ్చేదాకా ఆ అలవాటు లాటిన్-1 సంకేతాలు. అక్షర క్రమం స్వీడిష్‌ది, ఎందుకంటే మై ఎస్‌క్యూఎల్ పుట్టిల్లు స్వీడన్. లాటిన్-1లో తెలుగుకు చోటు లేదు.

జనరల్ పోస్టాఫీసు ఉన్న అబిడ్స్ చిరునామా ఒకటి అలాంటి కనెక్షన్ గుండా వెళ్లిందనుకోండి. పిన్‌కోడ్ 500001 చెక్కుచెదరదు, ఆ అంకెలు లాటిన్-1లోనూ యూటీఎఫ్-8లోనూ అదే ఒక్క బైటు కనుక. పేరు చెడిన తీరును బట్టి జబ్బును పోల్చుకోవచ్చు. అబిడ్స్ స్థానంలో ఏడు ప్రశ్న గుర్తులు కనిపిస్తే, ఎవరో సంకేతాలను లాటిన్‌లోకి మార్చబోయి చేతులెత్తేశారన్నమాట. అలాగే సేవ్ అయితే అసలు పేరు ఇక దొరకదు. అలా కాక నెత్తిన గీత ఉన్న లాటిన్ అక్షరం, పక్కన డిగ్రీల సున్న, ఇలా వింత గుర్తులు బారులు తీరితే సంతోషించాలి. బైట్లు భద్రంగానే ఉన్నాయి, చదివే పద్ధతే తప్పు. నాంపల్లిలోని ‘న’ అంటే 224, 176, 168. వాటిని విడివిడిగా చదివితే కనిపించేవే ఆ గుర్తులు.

ఇవి తేలిగ్గా దొరికే బగ్గులు. అప్పుడప్పుడే కనిపించేదే ఏడిపిస్తుంది.

సర్వర్ నుంచి వచ్చే పొడవాటి పాఠాన్ని డ్రైవర్ ముక్కలుగా చదువుతుంది. దస్తావేజులోని హద్దుల వివరణ అనుకుందాం, ఒక్కో ముక్క పట్టే బఫర్ 4096 బైట్లు, పాఠమంతా తెలుగు సంకేతాలే అనుకుందాం. 4096ను మూడుతో భాగిస్తే 1365, శేషం ఒకటి. ఏ ముక్కకు ఆ ముక్కను విడిగా అక్షరాలుగా మార్చే డ్రైవరైతే 1366వ సంకేతం ఒక బైటు ఇటు, రెండు బైట్లు అటు తెగిపోతుంది. సంచీలో పట్టలేదని ఉత్తరాన్ని చించి, చెరో సగాన్నీ వేరే ఉత్తరంగా బట్వాడా చేసినట్టు. అక్కడ నల్ల డైమండ్లలో ప్రశ్న గుర్తులు మొలుస్తాయి. పాఠం ముందు ఒక ఖాళీ పెట్టి చూడండి: 1366వ సంకేతం బతికిపోతుంది, తప్పు 8192వ బైటు దగ్గరికి జారుతుంది. మాటల మధ్య ఖాళీలు, అంకెలు కలిసే నిజమైన పాఠంలో తెగే చోటు ఒక్కో రికార్డులో ఒక్కోలా ఉంటుంది. అందుకే ఫిర్యాదు ‘ఒక్కోసారి వస్తోంది సార్’ అనే ఉంటుంది. విన్నవాళ్లు నెట్‌వర్క్‌ను అనుమానిస్తారు.

చెడిన బైట్లను చడీచప్పుడు లేకుండా పారేసే డ్రైవర్లు ఇంకా ప్రమాదం, నా లెక్కలో. తెగింది పొల్లు అయితే నాంపల్లి కాస్తా ‘నాంపలలి’ అవుతుంది. అది చూసి టైపిస్టును తిడతారు తప్ప డ్రైవర్‌ను ఎవరూ తప్పుపట్టరు. డైమండ్ గుర్తులే నయం, కనీసం కంట్లో పడతాయి.

మరమ్మతుకు కావలసిన ఆధారం యూటీఎఫ్-8లోనే ఉంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ దాన్ని రూపొందించినప్పుడే, మొదటి బైటును చూస్తే వెనక ఎన్ని రావాలో తెలిసేలా అమర్చారు. 224 కనబడితే ఇంకో రెండు రావాలి. వచ్చేవి 128కీ 191కీ మధ్యనే ఉండాలి. కాబట్టి ముక్క చివర అసంపూర్ణంగా మిగిలిన బైట్లను అక్షరంగా మార్చకుండా అట్టేపెట్టి, తరవాతి ముక్క ముందు అతికిస్తే సరి. జావాలోనూ పైథాన్‌లోనూ ఈ పనికి సిద్ధంగా డీకోడర్లు ఉన్నాయి. ముక్కముక్కకూ కొత్త డీకోడర్ తెరవకుండా ఒక్కదాన్నే చివరిదాకా వాడాలి, అంతే.

దిద్దిన డ్రైవర్‌ను పరీక్షించడానికి బఫర్ కంటే పొడవైన తెలుగు పాఠం తీసుకోవాలి: ముందు ఖాళీ లేకుండా ఒకసారి, ఒక ఖాళీతో ఇంకోసారి, రెండు ఖాళీలతో మూడోసారి. మూడింటిలోనూ వెళ్లిన పాఠం, తిరిగొచ్చిన పాఠం బైటు బైటుకూ సరిపోవాలి.