లిస్టులో మీ నంబరు చుక్కలుగా ఉందా? ఫారంలో గడి కనిపించడం లేదా? ముందు ఇది చదవండి

ఎవరి కోసం: పింఛను, తల్లికి వందనం, పీఎం కిసాన్ లాంటి పథకాలకు అర్జీ పెట్టుకున్నవారు, ఇప్పటికే డబ్బు అందుకుంటున్నవారు, వాళ్ల తరఫున స్టేటస్ చూసిపెట్టే ఇంట్లోవాళ్లు.

సచివాలయంలో అతికించిన జాబితాలో మీ పేరు ఉంది. కానీ ఆధార్ నంబరు ఉండాల్సిన చోట వరసగా ఎక్స్ గుర్తులు, చివర నాలుగు అంకెలు మాత్రమే ఉన్నాయి. పక్కింటి వాళ్ల ప్రింటవుట్‌లో ఉన్న ఒక గడి మీ ప్రింటవుట్‌లో అసలు లేనే లేదు. ఇంతలో ఎవరో వచ్చి, "మీ వివరాలు సిస్టంలో ఎగిరిపోయాయమ్మా, ఓటీపీ చెప్పండి, నేను ఎక్కిస్తా" అంటారు.

ఆగండి. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఈ తేడా తెలిస్తే అనవసరంగా కంగారు పడరు, దళారికి డబ్బు ఇవ్వరు. నిజంగా తప్పు ఉన్నప్పుడు అది ఎక్కడుందో కూడా మీకే తెలుస్తుంది.

ఒకే వివరం ఒకచోట కనిపించి, ఇంకోచోట ఎందుకు కనిపించదు?

మీరు ఇచ్చిన వివరాలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. అంటే కంప్యూటర్‌లో ఉండే పెద్ద రిజిస్టరు అనుకోండి. ఒక్కో మనిషికి ఒక్కో వరస, వరసలో బోలెడు గడులు. మీరు నింపే ఫారం, గోడకు అతికించే జాబితా, చేతికిచ్చే రసీదు అన్నీ ఆ ఒక్క రిజిస్టరులోంచే వస్తాయి.

అయితే ప్రతి కాగితం మీద అన్ని గడులూ రానక్కర్లేదు. సిస్టం తయారు చేసేవాళ్లు గడికో షరతు పెడతారు: "ఇలా ఉంటే చూపించు, లేకపోతే దాచు." పింఛను రకం దగ్గర "దివ్యాంగులు" అని ఎంచుకుంటేనే సదరం సర్టిఫికెట్ గడి తెరుచుకునేలా పెట్టొచ్చు. "వితంతు" అని ఎంచుకుంటే భర్త మరణ ధ్రువీకరణ పత్రం గడి తెరుచుకుంటుంది. వృద్ధాప్య పింఛనుకు ఆ రెండూ అక్కర్లేదు కాబట్టి రెండూ కనబడవు. అందుకే మీ ఫారం, పక్కింటి వాళ్ల ఫారం ఒకేలా ఉండవు. అది తప్పు కాదు.

ఖాళీలు మూడు రకాలు

1. ఎక్స్ గుర్తులు, చుక్కలు, నక్షత్రాలు ఉంటే: వివరం రిజిస్టరులో ఉంది, మీ భద్రత కోసం కప్పారు. ఆధార్‌లో 12 అంకెలు ఉంటాయి. మొదటి 8 కప్పి, చివరి 4 చూపిస్తారు. 2016 నాటి ఆధార్ చట్టం ప్రకారం ఎవరి ఆధార్ నంబరునైనా ఇష్టం వచ్చినట్టు నలుగురికీ కనబడేలా పెట్టకూడదు. కాబట్టి గోడ మీది జాబితాలో చుక్కలు ఉండటమే మంచిది.

2. గడి పేరు కూడా లేకపోతే: చాలా వరకు అది షరతు వల్ల దాగిన గడి. మీరు ముందు ఇచ్చిన ఏదో జవాబును బట్టి "వీళ్లకు ఇది అక్కర్లేదు" అని సిస్టం అనుకుంది. ఆ జవాబు సరైనదైతే సమస్య లేదు. తప్పైతే అసలు సమస్య అక్కడే ఉంది.

3. గడి పేరు ఉండి, ఎదురుగా ఏమీ లేకపోతే: ఒక గీత గానీ, "ఎన్ఏ" అని గానీ కూడా ఉండొచ్చు. ఆ వివరం ఎక్కలేదేమో అడగాల్సింది ఈ మూడో రకంలోనే. "ఇది నాకు వర్తించదా, లేక ఎక్కించలేదా?" అని నేరుగా అడగండి.

అసలు చిక్కు ఎక్కడ వస్తుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. భర్త చనిపోయిన ఒకావిడ పింఛనుకు అర్జీ పెట్టింది. ఆవిడ వయసు 52. ఫారంలో వైవాహిక స్థితి దగ్గర పొరపాటున "వివాహిత" అని పడింది. అంతే, మరణ ధ్రువీకరణ పత్రం గడి తెరుచుకోలేదు. పత్రం చేతిలోనే ఉంది, కానీ జత చేసే చోటే కనబడలేదు. ప్రింటవుట్ తీస్తే ఎక్కడా ఖాళీ లేదు, చూడ్డానికి అంతా నిండుగా ఉంది. ఆవిడ వేలిముద్ర వేసి ఇంటికి వచ్చేసింది.

ఆ కాగితంలో తప్పు ఉందని ఎవరికీ అనుమానం రాదు. ఎందుకంటే తప్పు వల్ల ఖాళీ గడి మిగల్లేదు, గడే మాయమైంది. నెలకు 4,000 రూపాయల పింఛను ఒక్క జవాబు దగ్గర ఆగిపోయింది.

అందుకే ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి: కనిపించని గడిని వెతకొద్దు, దాన్ని దాచిన జవాబును సరిచూడండి.

సంతకం, వేలిముద్ర వేసే ముందు

ఫారంలో కింద ఉన్న గడుల్ని తెరిచేవీ మూసేవీ సాధారణంగా పైన ఉండే ఈ జవాబులే. వీటిని పైకి చదివించుకోండి:

- పథకం రకం. పింఛనైతే వృద్ధాప్యం, వితంతు, దివ్యాంగులు, ఒంటరి మహిళ, చేనేత, మత్స్యకారులు లాంటి వాటిలో మీది ఏది పడింది?
- వైవాహిక స్థితి.
- పుట్టిన తేదీ. ఇది ఆధార్‌లో ఉన్నట్టే ఉందా?
- దివ్యాంగులా, కాదా? అవును అయితే శాతం ఎంత పడింది?
- కుటుంబంలో ఎవరెవరు ఉన్నారు? పెళ్లయి వెళ్లిపోయినవారు, చనిపోయినవారు ఇంకా మీ ఇంటి లెక్కలోనే ఉన్నారా?
- ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, నాలుగు చక్రాల బండి. వీటికి "అవును" అని పడిందా, "కాదు" అని పడిందా?

తర్వాత మీరు తెచ్చిన పత్రాలు లెక్కపెట్టండి. ఫారం మీద ఎన్ని జత అయ్యాయో చూడండి. చేతిలో నాలుగు ఉండి, ఫారంలో మూడే ఎక్కితే నాలుగోదానికి గడి ఎందుకు రాలేదో అడగండి. చదువు రాకపోయినా ఈ లెక్క చూసుకోవచ్చు.

జవాబు మార్చారు. పాతది పోయినట్టేనా?

చాలామంది పోయిందనే అనుకుంటారు. అన్నిసార్లూ అలా జరగదు. దాచడం అంటే చెరిపెయ్యడం కాదు. మొదట "నాలుగు చక్రాల బండి ఉంది" అని పడి, బండి నంబరు కూడా ఎక్కిందనుకోండి. తర్వాత "లేదు" అని మార్చారు. బండి నంబరు గడి ఫారం మీద మాయమవుతుంది. కానీ సిస్టం తయారైన తీరును బట్టి ఆ నంబరు రిజిస్టరులో అలాగే మిగిలిపోవచ్చు. మళ్లీ పరిశీలన చేసినప్పుడు అదే అడ్డం రావచ్చు.

కాబట్టి సవరణ చేయించుకునేటప్పుడు "జవాబు మార్చండి" అని మాత్రమే అనకండి. "ముందు ఆ గడిలోది తీసేసి, తర్వాత జవాబు మార్చండి" అని చెప్పండి. మార్చాక కొత్త ప్రింటవుట్ తీసుకోండి. పాతది పారెయ్యొద్దు, రెండూ దాచుకోండి.

"అనర్హులు" అని వచ్చింది, కారణం కనబడటం లేదు

కారణం గడి కూడా షరతు మీదే ఉంటుంది. అర్జీ పరిశీలనలో ఉన్నంత కాలం కనబడకపోవచ్చు. తిరస్కరించాక కనబడాలి. గోడ మీది జాబితాలో లేకపోయినా సచివాలయ సిబ్బంది లాగిన్‌లో ఉండే అవకాశం ఉంది. కాబట్టి "నా అర్జీ నంబరు ఇది, రిమార్కు చదివి చెప్పండి" అని అడగండి.

కారణం తెలిస్తే ఏ ఆఫీసుకు వెళ్లాలో తెలుస్తుంది. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటిందని వస్తే, మీ ఆధార్‌కు ఎన్ని మీటర్లు లింకయ్యాయో విద్యుత్ శాఖ ఆఫీసులో చూపించుకోండి. వేరేవాళ్ల మీటరు మీ పేరు మీద ఉంటే అక్కడే తీయించుకోవాలి. భూమి లెక్క తప్పైతే రెవెన్యూ వాళ్ల దగ్గరకు వెళ్లాలి. కారణం తెలియకుండా మళ్లీ కొత్త అర్జీ పెడితే అదే కారణంతో మళ్లీ ఆగుతుంది.

డబ్బు పడింది అంటున్నారు, ఏ ఖాతాలో పడింది?

స్టేటస్‌లో ఖాతా నంబరు చివరి అంకెలే కనిపిస్తాయి. మీ పాస్‌బుక్‌లన్నీ తీసి, ఆ అంకెలు దేనికి సరిపోతాయో చూడండి. దేనికీ సరిపోకపోతే మీరు మర్చిపోయిన పాత ఖాతా కావచ్చు. ఆధార్ ఆధారంగా వచ్చే డబ్బు, ఆధార్‌కు లింకైన బ్యాంకు ఖాతాకే వెళ్తుంది. మై ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంకు సీడింగ్ స్టేటస్ చూస్తే, అది ఏ బ్యాంకో పేరు కనిపిస్తుంది. అక్కడ ఖాతా నంబరు పూర్తిగా రాదు, కంగారు పడొద్దు. ఆధార్ తీసుకుని ఆ బ్యాంకుకు వెళ్తే చెబుతారు.

చుక్కలు తీసేస్తామని ఎవరైనా అంటే

చుక్కలు తీయించుకోవాల్సిన పని మీకు లేదు. డబ్బు రావడానికి అవి అడ్డం కావు. ఆ పేరుతో ఓటీపీ, వేలిముద్ర, పూర్తి ఆధార్ నంబరు అడిగితే ఇవ్వొద్దు. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఆధార్ గురించి సందేహాలుంటే 1947కి ఫోన్ చెయ్యొచ్చు.

ఇంకో మాట. ఆధార్ ఫొటో మీద ఫోన్‌లో నల్ల గీత గీసి వాట్సాప్‌లో పంపితే నంబరు దాగిపోయిందని అనుకోకండి. గీత పల్చగా ఉంటే, ఫొటో వెలుతురు పెంచితే కింద అంకెలు బయటపడతాయి. గుర్తింపుగా చూపిస్తే చాలనుకున్న చోట మై ఆధార్ వెబ్‌సైట్ నుంచి మాస్క్‌డ్ ఆధార్ దింపుకుని అదే ఇవ్వండి. అందులో మొదటి 8 అంకెలు ముందే కప్పి ఉంటాయి.

ఎవరిని అడగాలి?

ముందు మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడగండి. అర్జీ నంబరు, ఆధార్, ప్రింటవుట్ వెంట తీసుకెళ్లండి. అక్కడ తేలకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రాసివ్వండి, రసీదు తీసుకోండి. మీ అర్జీలో ఏం నమోదైందో కాగితం మీద కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

గుర్తుంచుకోండి

- చుక్కలు ఉంటే వివరం ఉన్నట్టే.
- గడే లేకపోతే, పైన ఇచ్చిన జవాబు సరిచూడాలి.
- గడి ఉండి ఖాళీగా ఉంటే అడగాలి.
- పత్రాలు లెక్కపెట్టకుండా వేలిముద్ర వెయ్యొద్దు.
- ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

మీ ఇంటి పక్కన చదువు రాని పెద్దవాళ్లు ఉంటే ఇది ఒకసారి చదివి వినిపించండి.