కెమెరా సంచి - దారిలో రక్ష, ఇంట్లో శిక్ష!

కెమెరా కొనాలనుకున్నప్పుడు మనం ఎన్నో వివరాలు అడుగుతాం. కటకం ఎలాంటిది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, చీకట్లో ఫొటో బాగా పడుతుందా అని పదిమందిని విచారిస్తాం. చివర్లో దుకాణదారు ఒక నల్లసంచి చేతికిస్తే మాత్రం మారు మాట లేకుండా తీసుకుంటాం. కెమెరా వెయ్యి గంటలు మన దగ్గర ఉంటే అందులో మన చేతిలో ఉండేది ఏ పది గంటలో. మిగతా కాలమంతా అది సంచిలోనే గడుపుతుంది. అందువల్ల కెమెరా ఆయుష్షు చాలావరకు ఆ సంచిలో ఏం జరుగుతుందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

సంచి చేయవలసిన పనులు మూడు. దెబ్బ తగలకుండా చూడాలి. మోసేవారి భుజాన్ని, వీపును బాధించకూడదు. నీటిని, దుమ్మును దూరంగా ఉంచాలి. ఈ మూడింటి వెనుకా మీరు తరగతిలో చదువుకున్న భౌతికశాస్త్రమే ఉంది. దాన్ని గుర్తు చేసుకుంటే మంచి సంచి ఏదో మీరే తేల్చుకోగలరు.

దెబ్బ అంటే ఏమిటి?

ఒక మీటరు ఎత్తు నుంచి కెమెరా జారిపడిందనుకోండి. నేలను తాకే క్షణానికి దాని వేగం సెకనుకు దాదాపు 4.4 మీటర్లు. ఈ వేగం కెమెరాను పాడు చేయదు. పాడు చేసేది ఆ వేగం సున్నా అయ్యే తీరు. బండమీద పడితే కెమెరా ఒక మిల్లీమీటరు దూరంలోనే ఆగిపోవచ్చు. అప్పుడు దాని ఋణత్వరణం సగటున గురుత్వ త్వరణానికి 1000 రెట్లు ఉంటుంది. 700 గ్రాముల కెమెరా మీద ఒక్క లిప్తపాటు 700 కిలోల బరువు పెట్టినట్లు!

అదే కెమెరా మెత్తటి పొరమీద పడి, ఆ పొర 2 సెంటీమీటర్లు అణిగిందనుకుందాం. ఆగే దూరం 20 రెట్లు పెరిగింది కాబట్టి బలం 20 రెట్లు తగ్గుతుంది. 700 కిలోలు కాస్తా 35 కిలోలవుతుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కు లాక్కోవడంలోనూ, గాజుసామాను గడ్డిలో సర్దడంలోనూ ఉన్న రహస్యం ఇదే.

కాబట్టి సంచిలోని మెత్త ఎంత మందంగా ఉందని మాత్రమే చూస్తే చాలదు. అది ఎంత అణుగుతుందో చూడాలి. బొటనవేలితో గట్టిగా నొక్కండి. వేలు సులువుగా దిగిపోయి అవతలి గుడ్డను తాకితే ఆ మెత్త బరువుకు పూర్తిగా అణిగిపోతుంది, దెబ్బ నేరుగా కెమెరాకే తగులుతుంది. అసలు దిగకపోతే అది బండతో సమానం. కొంత ఎదురు తిరుగుతూ అణిగి, వేలు తీయగానే యథాస్థితికి రావాలి. సంచిని దించేటప్పుడు మొదట నేలను తాకేది అడుగుభాగమే. చాలా చవక సంచుల్లో పక్కలకు మెత్త ఉండి అడుగున పలచటి పొర మాత్రమే ఉంటుంది. అడుగును తప్పకుండా తడిమి చూడండి.

మెత్తల్లో రెండు జాతులున్నాయి. మామూలు స్పాంజిలో గాలి గదులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. అది నీటిని పీలుస్తుంది, ఆరడానికి రోజులు పడుతుంది. పాలిఇథిలీన్ నురగలో ప్రతి గదీ విడివిడిగా మూసుకుని ఉంటుంది. అది నీటిని పీల్చదు. మన వానాకాలానికి రెండోదే మేలు.

సంచి లోపల కెమెరా అటూ ఇటూ కదలకూడదు. కదిలితే ప్రతి కుదుపుకూ అది సంచి గోడనో, పక్కనున్న కటకాన్నో కొడుతుంది. అందుకే అతుక్కుని ఊడివచ్చే వెల్‌క్రో అడ్డుగోడలున్న సంచిని ఎంచుకుని, వాటిని మీ వస్తువుల కొలతకు జరుపుకోండి.

భుజం లెక్క, వీపు లెక్క

సంచిని 4 కిలోల బరువుతో ఒక భుజానికి తగిలించుకున్నారనుకోండి. పట్టీ భుజాన్ని 40 న్యూటన్ల బలంతో నొక్కుతుంది. పట్టీ వెడల్పు 2 సెంటీమీటర్లు, భుజాన్ని తాకే పొడవు 10 సెంటీమీటర్లు అయితే పీడనం చదరపు సెంటీమీటరుకు 2 న్యూటన్లు. వెడల్పు 5 సెంటీమీటర్లు అయితే పీడనం 0.8 న్యూటన్లకు తగ్గుతుంది. బరువు మారలేదు, నొప్పి మాత్రం సగానికి పైగా తగ్గింది. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం అని పాఠంలో చదివింది ఇదే.

వీపున తగిలించుకునే సంచిది మరో లెక్క. 5 కిలోల సంచి గరిమనాభి వీపుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అది మనల్ని వెనక్కు లాగే భ్రామకం దాదాపు 5 న్యూటన్-మీటర్లు. ఆ దూరం 20 సెంటీమీటర్లయితే భ్రామకం రెట్టింపవుతుంది. దాన్ని సరిచేయడానికి తెలియకుండానే ముందుకు వంగి నడుస్తాం, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. అందువల్ల లావుగా ఉబ్బిన సంచి కన్నా పలచగా పొడవుగా ఉన్న సంచి మేలు. బరువైన కటకాన్ని వీపును ఆనుకునే వైపు సర్దండి. తేలికైన వస్తువులను బయటివైపు పెట్టండి.

మొత్తం బరువు ఎంత ఉండవచ్చు? ఒకటి నుంచి పదో తరగతి వరకు బడిసంచి బరువు విద్యార్థి శరీర బరువులో పదో వంతు దాటకూడదని మన దేశంలో 2020 నాటి బడిసంచి విధానం చెబుతోంది. కెమెరా సంచికీ ఈ కొలతనే పెట్టుకోవచ్చు. మీ బరువు 50 కిలోలైతే సంచి 5 కిలోలకు లోపు ఉండాలి. ఖాళీ సంచే 2 కిలోలుంటే మీ వస్తువులకు మిగిలేది మూడే. లీటరు మంచినీళ్లు పెట్టుకుంటే రెండే! కాబట్టి దుకాణంలో ఖాళీ సంచిని ఒకసారి తూచమని అడగండి. తప్పేమీ లేదు.

రోజూ ఒకటి, ఊరికి ఒకటి

కాలేజీకి రోజూ తీసుకెళ్లే సంచి వేరు, నాలుగు రోజుల యాత్రకు కావలసిన సంచి వేరు. రోజూ మోసేదానికి కెమెరా, ఒక కటకం పట్టేంత చోటు చాలు. కొత్త సంచి కొనకుండా, అడ్డుగోడలున్న మెత్తటి లోపలి గూడును మాత్రం కొని మీ మామూలు పుస్తకాల సంచిలో దించుకోవచ్చు. ఇందులో మరో లాభం ఉంది. లోపల విలువైన వస్తువుందని బయటివారికి తెలియదు.

పత్రికల ఫొటోగ్రాఫర్ల అవసరం ఇంకో రకం. క్షణంలో కెమెరా చేతికి రావాలి. అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో పనిచేసిన జిమ్ డామ్కే 1970ల మధ్యలో తన పని కోసం కాన్వాస్ గుడ్డతో ఒక భుజంసంచి రూపొందించుకున్నాడు. మెత్త తక్కువ, బరువు తక్కువ, చేయి పెడితే వస్తువు దొరుకుతుంది. ఆ నమూనా తోటి ఫొటోగ్రాఫర్లలోనూ వ్యాపించింది. రక్షణను కొంత వదులుకుని వేగాన్ని సంపాదించడం అన్నమాట. అయితే గంటల తరబడి నడక ఉన్నప్పుడు ఒక భుజం మీద బరువు వెన్నెముకను పక్కకు వంచుతుంది. నేలపట్టులో పెలికాన్ పక్షులను చూడటానికో, అరకు లోయలో తిరగడానికో వెళ్తే రెండు పట్టీల వీపుసంచే సరైనది.

విమాన ప్రయాణమైతే మరో రెండు విషయాలు గుర్తుంచుకోండి. మన దేశంలో ఎకానమీ తరగతిలో చేతిసామాను పరిమితి సాధారణంగా 7 కిలోలు. విడి లిథియం బ్యాటరీలను పెద్ద సామానులో పంపకూడదు. వెంట ఉంచుకునే సంచిలోనే పెట్టాలి. 100 వాట్-గంటల లోపు బ్యాటరీలకు మామూలుగా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. వోల్టులను ఆంపియర్-గంటలతో గుణిస్తే వాట్-గంటలు వస్తాయి. 7.2 వోల్టుల, 1.8 ఆంపియర్-గంటల కెమెరా బ్యాటరీలో ఉండేది 13 వాట్-గంటలు మాత్రమే. కానీ దాని లోహపు కొనలను తాళం చెవులో, చిల్లర నాణేలో కలిపితే అది వేడెక్కి అంటుకోవచ్చు. అందుకే ప్రతి బ్యాటరీకీ మూత గాని, విడి అర గాని ఉండాలి.

వాన బయట, తేమ లోపల

నైలాన్ సంచి మీద 'వాటర్ రెసిస్టెంట్' అని రాసి ఉంటే అది చిరుజల్లుకు తట్టుకుంటుందని మాత్రమే అర్థం. గుడ్డకు లోపలివైపు పూత ఉన్నా, కుట్టు పడిన ప్రతి సూది రంధ్రమూ, జిప్పు పళ్ల సందులూ నీటికి దారులే. జడివానకు తొడుగు తప్పనిసరి.

అయితే వాననీరు కంటికి కనిపించే శత్రువు. కనిపించని శత్రువు గాలిలోని తేమ. కటకాలకు పట్టే బూజు ఒక శిలీంధ్రం. దాని బీజాలు గాలిలో ఎక్కడైనా ఉంటాయి. తిండికి కాస్త దుమ్ము, వేలిముద్రలోని జిడ్డు చాలు. ఇక కావలసింది తేమ, చీకటి, కదలని గాలి. ఈ మూడూ మూసిన సంచిలో పుష్కలం! గాలిలో సాపేక్ష ఆర్ద్రత చాలాకాలం 60 శాతం దాటి ఉంటే బూజు మొలకెత్తవచ్చు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఈ స్థితి ఏడాదిలో చాలా నెలలు ఉంటుంది.

కటకం మీద వెలుతురు పరావర్తనాన్ని తగ్గించే పూత ఉంటుంది. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. బూజు విడుదల చేసే ఆమ్లాలు ముందు ఈ పూతను, తర్వాత గాజును కూడా కొరుకుతాయి. సాలెపోగుల్లాంటి బూజును మెకానిక్ తుడిచేయగలడు. గాజుమీద పడిన గాట్లను మాత్రం ఎవరూ తుడవలేరు. నేలమీద ఒక్కసారి కూడా పడని కెమెరా రెండు వానాకాలాలు సంచిలో పడి ఉండి పాడైపోవడానికి కారణం ఇదే.

సిలికా జెల్ పొట్లం వేశాం కదా అంటారా? చిన్న లెక్క చూద్దాం. 30 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచుతుంది. 10 లీటర్ల సంచిలో అది 0.3 గ్రాము మాత్రమే. 20 గ్రాముల సిలికా జెల్ తన సూక్ష్మరంధ్రాల గోడలమీద ఐదారు గ్రాముల నీటిని అధిశోషించుకోగలదు. అంటే కావలసినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ! కానీ సంచి మూసిన సీసా కాదు. జిప్పు సందుల నుంచి గదిలోని తేమ నిరంతరం లోపలికి వస్తూనే ఉంటుంది. చెమటకు తడిసిన పట్టీ, మెత్త, గుడ్డ కూడా తేమను దాచి ఉంచుతాయి. కొద్ది రోజుల్లో జెల్ నిండిపోతుంది. ఆ తర్వాత అది ఉత్త బరువే.

పరిష్కారం సులువే. ప్రయాణం ముగిశాక కెమెరాను, కటకాలను సంచిలోంచి తీసేయండి. మూతకు రబ్బరు అంచు ఉండి గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, ఒక చిన్న ఆర్ద్రతామాపకం ఉంచి భద్రపరచండి. ఆర్ద్రత 40, 50 శాతాల మధ్య ఉంటే చాలు. ఖాళీ సంచి జిప్పులన్నీ తెరిచి గాలికి ఆరబెట్టండి. కలరా ఉండలు, కర్పూరం దగ్గర పెట్టకండి. వాటి ఆవిరి కెమెరాకు మంచిది కాదు. వారానికోసారి కెమెరాను బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయండి. వాడే కెమెరాకు బూజు అంత తొందరగా పట్టదు.

చల్లని గది నుంచి బయటికి వస్తే...

సంచిని మూసి ఉంచవలసిన సందర్భం కూడా ఒకటుంది. 22 డిగ్రీల ఏసీ గదిలో ఉన్న కెమెరాను 32 డిగ్రీల వేడి, 75 శాతం ఆర్ద్రత ఉన్న వీధిలోకి తెచ్చారనుకోండి. ఆ గాలి 27 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని ఆవిరి నీరుగా మారుతుంది. కెమెరా అంతకన్నా చల్లగా ఉంది కాబట్టి, చల్లటి నీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్లు, కెమెరాకు లోపలా బయటా నీటి బిందువులు పట్టవచ్చు. గదిలో ఉండగానే కెమెరాను ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి సంచిలో ఉంచండి. బయటికి వచ్చాక అరగంట నుంచి గంట వరకు తెరవకండి. మెత్త మంచి ఉష్ణబంధకం కూడా కాబట్టి కెమెరా నెమ్మదిగా వేడెక్కుతుంది. ఈలోగా నీరు పట్టినా కవరుకే పడుతుంది.

మీరే పరీక్షించండి

ఎండిన సిలికా జెల్‌ను పది గ్రాముల చొప్పున రెండు గుడ్డ పొట్లాలుగా కట్టండి. ఒకటి జిప్పు మూసిన మీ సంచిలో, మరొకటి గాలి చొరని డబ్బాలో ఉంచండి. కాలేజీ ప్రయోగశాల త్రాసులో వారం రోజులపాటు రోజూ వాటిని తూచి, గ్రాఫు గీయండి. వానాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి చేయండి. మీ సంచి ఎంత తేమను లోపలికి రానిస్తుందో ఆ రెండు గీతలే చెబుతాయి.

సంచి కొనడానికి వెళ్లేటప్పుడు మీ కెమెరాను, కటకాలను వెంట తీసుకెళ్లండి. వాటిని సర్ది, భుజానికి తగిలించుకుని దుకాణంలోనే పది నిమిషాలు నడవండి. అడుగు మెత్తను నొక్కి, పట్టీ కుట్లను లాగి, జిప్పును పదిసార్లు తెరిచి మూసి చూడండి. అన్నీ బాగుంటే కొనండి. ఇంటికి తెచ్చాక మాత్రం ఒక్క నియమం మరవకండి. సంచి కెమెరాకు వాహనం మాత్రమే, ఇల్లు కాదు.