టవరు ఆగినపుడు కబురు చేరుట ఎట్లు?

మేము పెనుకొండ వైపు ఒక సంఘం తనిఖీకి పోయిన రోజున గాలివానకు కరెంటు పోయి, ఫోను టవరు ఆగిపోయినది. పాలవ్యాను చెడిపోయి రాదన్న సంగతి పక్క ఊరి కేంద్రంలో తెలిసినది. అక్కడినుంచి సాయంత్రం బస్సు కూడా వచ్చినది గాని కబురు రాలేదు. సభ్యులు క్యాన్లు నింపుకొని రాత్రిదాకా కాచుకొన్నారు. తెల్లవారేసరికి పాలు విరిగినవి. ముందే తెలిస్తే కాచి తోడైనా వేసుకొనేవారు.

ఆ బస్సులో వచ్చినవారి జేబుల్లో ఫోన్లున్నవి. తగిన ప్రోగ్రాం ముందుగా వేసి ఉంచుకొంటే, టవరు లేకున్నా ఫోన్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోగలవు. బ్లూటూత్ సుమారు 10 మీటర్లు, వైఫై కొన్ని పదుల మీటర్లు అందుతుంది. బావినుంచి బిందెలు చేతులు మారినట్లు కబురు ఫోను నుంచి ఫోనుకు సాగిపోతుంది.

అయితే విన్న ప్రతి ఫోనూ వెంటనే తిరిగి చెప్పితే సంతలో అందరూ ఒక్కసారి అరచినట్లే. ఒకరి మాటా వినబడదు, బ్యాటరీ దండుగ. దీనిని 1999లో తైవాన్ పరిశోధకులు ‘ప్రసార తుఫాను’ అన్నారు. విన్న కబురును ఒక ఫోను తిరిగి చెప్పితే కొత్తగా అందే ప్రాంతం సగటున నూటికి 41 పాళ్లేననీ, నాలుగుసార్లు విన్న తరువాత చెప్పితే 5 పాళ్లకు లోపేననీ వారు లెక్కకట్టినారు.

అందుచేత మూడు కట్టుబాట్లు ఏర్పడినవి.

1. ప్రతి కబురుకు ఒక గుర్తు ఉండవలెను. అదే గుర్తు మరల వస్తే తిరిగి చెప్పరాదు.

2. చెప్పేముందు ఒక్కొక్క ఫోను ఒక్కొక్క విధంగా క్షణకాలం ఆగవలెను. ఆలోగా పలువురు చెప్పగా వింటే తాను ఊరకుండవలెను.

3. ఎన్ని చేతులు మారవచ్చునో ముందే అంకె వేయవలెను. చేయి మారినపుడల్లా ఒకటి తగ్గి, అంకె తీరితే కబురు ఆగుతుంది.

2017లో వచ్చిన బ్లూటూత్ మెష్ పద్ధతిలో మొదటిదీ మూడవదీ ఉన్నవి.

ఊరికీ ఊరికీ నడుమ మైళ్ల ఎడమున్నపుడు మోసుకుపోవడమే దారి. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు పోయే రైలుమార్గంలోనే దొడ్డబళ్లాపురం ఉన్నది. 2003 ప్రాంతంలో అక్కడ ‘డాక్‌నెట్’ అనే ఏర్పాటు క్రింద బస్సులో వైఫై పెట్టె అమర్చినారు. బస్సు ఊళ్లకు వెళ్లినపుడు భూమి రికార్డుల సమాచారం ఆ పెట్టెద్వారా చేతులు మారేది. మన పాలవ్యాను ప్రతి కేంద్రంలో ఆగుతుంది. డ్రైవరు ఫోనే ఆ పని చేయగలదు.

ఇందులో ఆలస్యం తప్పదు. పాత కబురు ఆలస్యంగా చేరితే మరింత నష్టం. గాలికుంటు టీకాల తేదీ మారినదని తెలియక పశువులను తోలుకొని వచ్చినవారి అవస్థ మనకు క్రొత్త కాదు. కనుక కార్యదర్శులు ప్రతి కబురులోను సంఘం పేరు, తేదీ, గంట, ఎప్పటివరకు చెల్లునో తప్పక వ్రాయవలెను. వానకాలానికి ముందే పాలకవర్గాలు సభ్యులచేత ఒకసారి టవరు సాయం లేకుండా కబురు పంపించి చూడవలెనని మా మనవి.