పటంలోని పెద్దాయన ఏ కాలం వాడు?

పాత ఇళ్ల గోడల మీద వరసగా వేలాడే పటాల్లో పేరు తెలియనివి ఒకటి రెండు ఉండి తీరతాయి. తలపాగా, నల్లకోటు, చేతికర్ర, పక్కన బల్ల మీద పూలకుండీ. ముత్తాతగారి అన్న అని ఒకరంటే, కాదు మామగారని మరొకరు. ముక్కు ఎవరి పోలికో చూసి తేల్చే ఈ వాదన తరాలు గడిచినా తెమలదు. ఫొటోలను పరీక్షించే నిపుణులు ముఖం జోలికి చివర్లో వెళతారు. బొమ్మ దేని మీద దిగింది, ఏ రసాయనంతో దిగింది, ఆ కాగితాన్ని ఎలాంటి అట్టకు అంటించారు అన్నవి ముందు చూస్తారు. ఒక పద్ధతి పుట్టకముందు ఆ పద్ధతిలో తీసిన ఫొటో ఉండదు కాబట్టి, కనీసం ‘ఇంతకు ముందుది మాత్రం కాదు’ అన్న హద్దు దొరుకుతుంది.

1839లో ఫ్రాన్స్‌లో ప్రకటించిన డాగెరోటైపును గుర్తుపట్టడం తేలిక. అది వెండి పూత పూసిన రాగి రేకు. అటూ ఇటూ వంచితే ఓసారి మామూలు బొమ్మ, ఓసారి నెగటివ్, మధ్యలో అద్దంలోలా మన ముఖమే కనిపిస్తాయి. నల్లబడిందని గుడ్డపెట్టి తుడిస్తే మసితోపాటు అందులోని మనిషి కూడా పోతాడు. 1850లలో గాజు పలక మీద తీసి, వెనక నల్లరంగో నల్లగుడ్డో పెట్టిన ఫొటోలు వచ్చాయి. 1856లో అమెరికాలో పేటెంటు పొందిన ఇనుప రేకు ఫొటోకు అయస్కాంతం అంటుకుంటుంది.

ఈ రేకు ఫొటోల్లో నెగటివ్ ఉండదు. కెమెరాలో పడ్డ బొమ్మే నేరుగా చేతికొస్తుంది కాబట్టి కుడి ఎడమలు తారుమారవుతాయి. అమెరికన్ బందిపోటు బిల్లీ ది కిడ్ ఫొటోలో పిస్తోలు ఎడమ నడుముకు కనిపించేసరికి అతనిది ఎడమచేతి వాటమని లోకం నమ్మింది, 1958లో ఆ పేరుతోనే ఒక సినిమా కూడా వచ్చింది. గుట్టు విప్పింది అతని చేతిలో ఉన్న 1873 మోడల్ వించెస్టర్ తుపాకీ. తూటాలు దూర్చే రంధ్రం ఆ తుపాకీకి కుడిపక్కన ఉండాలి, ఫొటోలో ఎడమపక్కన ఉంది.

మన ఇళ్లలో దొరికేవి ఎక్కువగా కాగితం మీదివే. వీటికి మంచి భూతద్దం ఒకటి చాలు. 1850లో వచ్చిన ఆల్బుమెన్ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసేవారు. జర్మనీలోని డ్రెస్డెన్ కర్మాగారం ఒక దశలో రోజుకు అరవై వేల గుడ్లు వాడేదట! పచ్చసొనల సంగతేమిటో వంట తెలిసిన ఎవరికైనా అనుమానం రాక మానదు. పల్చటి కాగితం చుట్టుకుపోతుందని మందపాటి అట్టకు అంటించేవారు. భూతద్దంలో కాగితపు పీచు కనిపిస్తుంది, తెల్లగా ఉండాల్సిన చోట్లు పసుపెక్కి ఉంటాయి. 1890ల నుంచి దాన్ని పక్కకు నెట్టేసిన జెలటిన్ కాగితంలో బొమ్మకూ కాగితానికీ మధ్య బేరియం సల్ఫేట్ తెల్లపొర ఉంటుంది కాబట్టి పీచు కనబడదు. పాతబడ్డ జెలటిన్ ఫొటోను ఏటవాలుగా వెలుతురుకు పడితే నల్లటి చోట్ల, అంచుల్లో నీలంగా వెండి మెరుపు కనిపిస్తుంది. అసలు బొమ్మంతా వరసగా చుక్కలే అయితే అది ఫొటో కాదు, అచ్చుయంత్రంలో వేసింది.

అతినీల లోహిత దీపం మరో హద్దు చెబుతుంది. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు ఫొటో కాగితాల్లోకి 1950లలో వచ్చాయి, ఈ దీపం కింద అవి నీలంగా వెలుగుతాయి. బాల కార్మికుల ఫొటోలతో ప్రసిద్ధుడైన లూయిస్ హైన్ 1940లో చనిపోయాడు. ఆయన స్వయంగా వేసినవన్న పేరుతో అమ్ముడైన ప్రింట్లలో కొన్ని ఈ దీపం కింద మెరిశాయి. 1990ల చివర్లో సంగతి బయటపడి ఫొటోల మార్కెట్టు అదిరిపోయింది.

స్టూడియో పేరు దొరికితే అదృష్టమే. లాలా దీన్ దయాళ్ 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం ‘రాజా’ బిరుదు ఇచ్చింది 1890లలో. అట్ట మీద పేరుకు ముందు ‘రాజా’ ఉంటే అది బిరుదు వచ్చాక తయారైన అట్టే. 1905లో ఆయన పోయాక కూడా కుటుంబం స్టూడియో నడిపింది కాబట్టి, ఇటు హద్దు తెలిసినంత సులువుగా అటు హద్దు తెలియదు. వెనక కట్టిన బొమ్మల తెర, పక్కన పెట్టిన కుర్చీ అదే స్టూడియో తీసిన తేదీ ఉన్న మరో ఫొటోలో కనిపిస్తే, నా దృష్టిలో బట్టలకన్నా అదే గట్టి సాక్ష్యం. కోటు స్టూడియోదే అయ్యుండవచ్చు, పెళ్లిచీర పాతికేళ్లు కట్టి ఉండవచ్చు. పతకం అలా కాదు. ఛాతీ మీద 1911 ఢిల్లీ దర్బారు పతకం ఉంటే ఆయన కెమెరా ముందు నిలబడింది ఆ తర్వాతే.

గోడ మీది పెద్ద పటాల విషయంలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మనిషి పోయాక, పెళ్లి గ్రూపు ఫొటోలోంచి ఆ ఒక్క తలనే తీసుకుని, దాన్ని మళ్లీ ఫొటో తీసి, పెద్దది చేసి, మీసాలు దిద్ది, రంగులు వేసి పటం కట్టించడం మన దగ్గర మామూలే. అప్పుడు పటానికి ఒక వయసు, అందులోని ముఖానికి మరో వయసు. కాగితం 1955 నాటిదని తేలినా మనిషి కెమెరా ముందు కూర్చున్నది 1920లో కావచ్చు. ఇలాంటి కాపీని పట్టుకోవడానికి, బొమ్మలో కనిపించే మడత మీద వెలుతురు పక్కనుంచి పడేలా దీపం పెట్టి చూడాలి. మడత కంటికి కనిపిస్తూ కాగితం మాత్రం నున్నగా ఉంటే, ఆ మడత పాత ఫొటోది. తల చుట్టూ పొగమంచులా కరిగిపోయే అంచులు, ముఖం మసకగా ఉండి కనుబొమలు మాత్రం గీత గీసినట్టు ఉండటం కూడా కాపీ గుర్తులే. కోటు గుండీల దగ్గర కుంచె జాడలు కనిపిస్తే ఆ కోటునే నమ్మకూడదు, పెద్దాయన దాన్ని జన్మలో తొడిగి ఉండకపోవచ్చు.

ఇన్ని పరీక్షలు చేసినా తేదీ ఒక్క ఏడాదికి కుదరదు. పదేళ్ల పరిధికి వస్తే గొప్ప. అయినా ఇంట్లో వాదన తీర్చడానికి అది చాలు: ఆ పదేళ్లలో పాతికేళ్ల వయసున్నవాళ్లు వంశవృక్షంలో ఎందరని! పరీక్షకు ముందు మాత్రం పటాన్ని విప్పి గాజుకు అతుక్కున్న ఫొటోను పీకొద్దు. ఉన్నది ఉన్నట్టుగా ముందు వైపు, వెనక వైపు స్కాన్ చేయించండి. చెదలు తిన్న వెనక అట్ట మీద కూడా పటం కట్టిన దుకాణం చీటీ ఉండవచ్చు.